బజారు చివర నిలబడి విన్న పాట

నరసరావుపేటలో దావూద్ మైకుసెట్టు మోగని పెళ్లి పెళ్లే కాదని ఒకప్పుడు అనేవాళ్లు. ఆ మాట ఎక్కువగా అన్నది దావూదేననుకోండి, అయినా అందులో అబద్ధం తక్కువ. ఇటు మాచవరం, అటు వెల్దుర్తి, ఆయన బాక్సులు దిగని ఊరు లేదు. మోకాళ్లు మొరాయించాక సామానంతా మేనల్లుడు వసీంకి అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ గమనించలేదు, సొంత ఇంట్లో ఒక్క పాట పాడే వస్తువు లేదని!

అందులో వింతేముంది? మిఠాయి కొట్టువాడు ఇంటికొచ్చి లడ్డూ తింటాడా? పైగా సాయంత్రమైతే ఆయన ఇంట్లో ఉంటేగా. "లోకంలో పెళ్లిళ్లన్నీ నువ్వే చేస్తివి. పెళ్లాం పక్కన ఒక్క పొద్దన్నా కూర్చుంటివా?" అని భార్య గౌసియా దెప్పుతూనే ఉండేది. అప్పట్లో నవ్వేసేవాడు. ఇప్పుడు తీరిక దొరికాక ఆ మాట నిజంగా బాధపెట్టింది. సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి మంచి పాటలు వినాలి. మిగిలిన కోరిక అదొక్కటే.

"పాటలు పెడితే వింటావటే?" అని అడిగాడు.

"బాగుంటే ఎందుకు వినను?" అంది గౌసియా.

ఇంకేం, దావూద్ ఆ పూటే జ్ఞానేశ్వర్ దగ్గరికి వెళ్లాడు. జ్ఞానేశ్వర్ ఇనుప సామాన్ల హనుమయ్యగారి కొడుకు. తండ్రి కొట్టు మీద మేడలో, తివాచీ పరిచి, మందపాటి తెరలు కట్టి, ఇళ్లలో పెట్టుకునే ఖరీదైన స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అమ్ముతున్నాడు. దావూద్‌ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాడు.

అతను చూపించిన ఆంప్లిఫయర్ చూసి దావూద్ నవ్వాపుకోలేకపోయాడు. "ఇది ఆంప్లిఫయరా, సెల్లు చార్జరా?"

"నీ గదికి ఇదే ఎక్కువ బాబాయ్. ఈ చెక్క స్పీకర్లతో చానా మెత్తగా పాడుద్ది."

"మెత్తగా ఎందుకురా, ఇదేమన్నా ఇడ్లీనా?"

జ్ఞానేశ్వర్ పాట మార్చి మార్చి అన్నీ వినిపించాడు. దావూద్ కళ్లు మూసుకుని విని, నెత్తిమీద బాకా ఉన్న నిలువెత్తు స్పీకర్లనీ, ఇద్దరు మోస్తే గానీ కదలని ఆంప్లిఫయర్‌నీ ఏరాడు. "ఇదిరా గొంతంటే! అద్దం తుడిచినట్టుంది." జ్ఞానేశ్వర్ మొహం అదోలా పెట్టాడు గానీ పెద్దాయన మాట కాదనలేకపోయాడు. "ముందు ఇంటికి తీసుకుపోయి విను. నచ్చితేనే బేరం" అన్నాడు.

ఇంటికి చేరాయి. దావూద్ వైర్లు కలిపాడు, పాట పెట్టాడు, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. అవునండీ, వీధిలోకే! మైకుసెట్టువాడు బాక్సు పరీక్ష చేసేది అలాగే మరి. ఊరి చివరి ఇంటి దగ్గర నిలబడితే మాట తెలియాలి. తెలిస్తే బాక్సు మంచిది, లేకుంటే కాదు. బజారు చివరికంటా నడిచి, చెవి ఒగ్గి, తృప్తిగా తలూపాడు. పక్కింటి హజ్రా బీ పరుగున బయటికొచ్చింది.

"ఎవరి పెళ్లన్నా? మాకు చెప్పనేలేదే!"

"పెళ్లి కాదమ్మా, టెస్టింగు."

విజయగర్వంతో ఇంట్లోకి వస్తే గౌసియా వంటింటి మూల చెవుల్లో చెంగు కుక్కుకుని కూర్చుని ఉంది. "ఇది పాటా, రంపమా? చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుందయ్యా!"

సౌండు తగ్గించాడు. తగ్గించినా గుచ్చుకుంటోందని ఆమె. వెన్నలా ఉంటే గుచ్చుకునేదేందని ఆయన. మాటా మాటా పెరిగింది. "నీ పాట నువ్వే విను" అని గౌసియా వెళ్లి హజ్రా బీ అరుగు మీద కూర్చుంది. పాట మాత్రం దివ్యంగా పాడుతూనే ఉంది. పక్కన మనిషే లేదు. దావూద్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ మేడెక్కాడు. "మీ పిన్ని చెవిలో ఏదో తేడా ఉందిరా. నువ్వే చూడు."

జ్ఞానేశ్వర్ మొదట చూపించిన చెక్క స్పీకర్లతో ఒక నెమ్మదైన పాట పెట్టాడు. గౌసియా మొహం ముడుచుకునే కూర్చుంది. కాసేపటికి ఆ ముడి దానంతటదే విడిపోయింది.

"ఆ గజ్జెలు ఎంత బాగున్నయ్యో!" అంది.

"ఏ గజ్జెలు?" అన్నాడు దావూద్.

"ఇదిగో, ఇప్పుడు గూడా మోగుతున్నయ్‌గా. ఎగతాళా?"

దావూద్ లేచి వెళ్లి స్పీకర్‌కి చెవి ఆనించాడు. పాడే గొంతుంది, డప్పుంది. గజ్జెలు లేవు. వెనక్కి తిరిగి చూస్తే జ్ఞానేశ్వర్ తల దించుకుని ఉన్నాడు.

"ఏళ్ల తరబడి బాక్సుల పక్కనే ఉన్నావుగా బాబాయ్. సన్నటి చప్పుళ్లు నీ చెవికి అందటల్లా. అందుకే గట్టిగా అరిచే స్పీకర్లు నీకు బాగున్నయ్, పిన్నికి గుచ్చుకున్నయ్" అన్నాడు మెల్లగా.

"పదవే, పోదాం" అన్నాడు దావూద్.

ఆ తర్వాత పాటల ఊసే ఎత్తలేదు. బాకా స్పీకర్లు వెనక్కి పంపేశాడు. ఏదో బాక్సులో గరగర వస్తోందని వసీం అడగడానికొస్తే "నన్నడగమాక, వేరేవాళ్లకి వినిపించుకో" అన్నాడు. అన్నం దగ్గర కూర్చుని కెలికి లేచిపోతున్నాడు. చూసీ చూసీ గౌసియా నిలదీసింది.

"చెవుల్లేని మైకువాడు ఎవరిక్కావాలే?" అన్నాడు.

గౌసియాకి ఒళ్లు మండిపోయింది. "నేను చేసుకుంది నిన్నా, నీ మైకునా? లెగువ్. నీకు తెలవకపోతే నేను ఏరతా."

ఏరింది కూడానూ! మళ్లీ మేడెక్కి వంకాయలు ఏరినట్టు ఏరింది. ఒకటి పెట్టించి "పుచ్చు" అంది, ఇంకోటి పెట్టించి "ముదురు" అంది, పాపం జ్ఞానేశ్వర్‌కి వైర్లు మార్చలేక చెమటలు పట్టాయి. చివరికి ఆ చెక్క స్పీకర్ల దగ్గరే, ఆ చార్జరంత ఆంప్లిఫయర్ దగ్గరే ఆగింది. "ఎట్టుందయ్యా?" అని మొగుణ్ణి అడిగింది.

దావూద్ అబద్ధమాడలేదు. "దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. అయినా ఇయ్యే తీసుకుందాం. నువ్వు కూర్చుంటావుగా."

ఆ సాయంత్రం ఇంట్లో పాట మొదలైంది. హజ్రా బీ బయటికి రాలేదు, గుమ్మం దాటి చప్పుడు పోతే కదా. గౌసియా కాళ్లు మడుచుకుని దావూద్ పక్కన కూర్చుంది. చరణం మధ్యలో ఉన్నట్టుండి ఆమె కళ్లు మెరిశాయి. దావూద్‌కి అర్థమైంది, తనకు అందనిదేదో వచ్చింది. అడగాలంటే నామోషీ. మోకాలు రుద్దుకుంటూ గోడకేసి చూశాడు.

గౌసియా ఆయన చెయ్యి పట్టుకుంది.

"పాడే ఆమె ఊపిరి పీల్చిందయ్యా, గొంతెత్తేముందు. ఇంతే, చిన్నగా" అంది.

"నిజంగా?"

"నిజంగానే. ఇప్పుడు తాళాలు వస్తున్నయ్... ఆగినయ్... మళ్లీ వచ్చినయ్. నేను చెప్తాలే, నువ్వు విను."