బంగారుకు రాని పాట

మా బంగారు తాత పాడితే కాకులు లేచి పక్క ఊరికి పోయేవట. ఈ మాట మా అవ్వ ఎన్నిసార్లు చెప్పినా నవ్వకుండా చెప్పలేకపోయేది. ఆయనకు కుడిచెవి పుట్టుకతోనే వినపడదు. ఆ చెవి వల్లే కుంపిణీ పటాళంలో చేర్చుకోలేదు. ఉడుమలైపేటలో మనుషుల్ని ఎంచుకుంటున్నారని తెలిసి, నేస్తం వరదరాజతో కలిసి ఎగేసుకుంటూ వెళ్ళాడు. దొర కుడిపక్క వెనకనుంచి మెల్లగా పిలిస్తే వరదరాజ తిరిగి చూశాడు, ఈయన చూడలేదు. అంతే తేడా. ఒకడు రంగూన్ యుద్ధానికి ఓడెక్కాడు, ఇంకొకడు మా ఊరు పాళెంలోనే మిగిలాడు.

దళవాయిల కథలు చెప్పేవాళ్ళకు మావాళ్ళలో కొదవ లేదు. విజయనగరం నుంచి ఈ అరవదేశానికి గుర్రాలెక్కి వచ్చామని ఇప్పటికీ మీసాలు దువ్వుతారు. బంగారు కథ మాత్రం ఒక్కరికీ గుర్తుకురాదు. ఒళ్ళు మండి నేనే చెబుతున్నాను.

ఆ రోజుల్లో ఆనైమలై కొండల మంచు పొలాల్లోంచి లేవకముందే కపిల బావులు పలికేవి. ఎద్దులు వాలుబాటలో దిగితే తోలుబాన నిండుగా పైకొచ్చి తొట్టిలో నీళ్ళు కుమ్మరిస్తుంది. అవి వెనక్కి నడిచి ఎక్కితే ఖాళీ బాన మళ్ళీ బావిలోకి జారుతుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని పాడుతూ దిగుతాడు. మంచులో మనిషి కనపడడు, ఎద్దులు కనపడవు, పాట ఒక్కటే వస్తుంది. ఒక బావి పాట ఆగే చోట ఇంకో బావి పాట అందుకునేది. ఎవరి చేను తడుస్తోందో చాప మీద పడుకున్నవాళ్ళు కూడా చెప్పగలిగేవాళ్ళు. ఊరంతా నిద్రకూ మెలకువకూ మధ్య ఆ పాటల్లో తేలుతూ ఉండేదట.

పటాళానికి పోయినవాళ్ళ పాటలు ఆ మంచులో ఉండేవి కావు. కొన్నాళ్ళకు ఒక్కొక్కరి గురించీ కబుర్లు వచ్చాయి. కొందరు ఇక రారు. సముద్రం అవతల వాళ్ళను ఎక్కడ పూడ్చారో కూడా ఎవరికీ తెలియదు. బంగారు అలాంటి ఇంటి బావి దగ్గరికి తన ఎద్దుల్ని తోలుకుపోయేవాడు. మొదటి బాన నీళ్ళు కాలవకు పోనివ్వకుండా నేల మీద వదిలి, పోయినవాడిని పేరు పెట్టి గట్టిగా పిలిచేవాడు. ఆ తర్వాత ఆ ఇంటి చేను తడిపి ఇంటికి పోయేవాడు. ఎవరూ ఆయన్ని చెయ్యమనలేదు. చూసి చూసి మిగతావాళ్ళు కూడా వంతులు వేసుకున్నారు.

వరదరాజ కబురు సరిగ్గా రాలేదు. తిరిగొచ్చిన సిపాయి ఒకడు అతన్ని జ్వరాల డేరాలో చూశానన్నాడు, మర్నాడు పోతే ఆ చోటు ఖాళీగా ఉందన్నాడు. "పోయినాడనే అనుకోండి" అని తల దించుకున్నాడు. వరదరాజ పెళ్ళాం తిలకవతి అలా అనుకోలేదు. తాళి తియ్యలేదు. పెద్దలు కూర్చుని, ఆ పిల్ల తన నోటితో చెప్పేదాకా కర్మకాండల మాట ఎవరూ ఎత్తకూడదని తీర్మానం చేశారు. మా పెద్దలు చేసిన మంచిపనుల్లో అదొకటి, ఎక్కువ లేవు గనుక చెబుతున్నాను. అత్త కన్నమ్మాళ్ కూడా కోడల్ని ఒక్క మాట అనలేదు, కంట తడి పెట్టలేదు. ముసలిది రాయి అని కొందరు చెవులు కొరుక్కున్నారు.

ఆ ఏడు వానలు తప్పి బావుల్లో నీళ్ళు లోతుకు దిగాయి, తోడడానికి రెట్టింపు పొద్దు పట్టేది. ఎవరి ఎద్దులు వాళ్ళ చేలకే చాలడం లేదు. తిలకవతి రాగి చేను వెన్ను తీసే వేళకు ఆకులు ముడుచుకుంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు కుండలతో నీళ్ళు మోసి తలా ఒక మడి తడిపారు గానీ అది చేనంతటికీ ఏ మూలకు వస్తుంది? పైరు పోతే అక్కను తీసుకుపోతామని తమ్ముళ్ళు కబురు పెట్టారు. తాను పోతే అత్తకు కూడు పెట్టే దిక్కు లేదు. మొగుడు తిరిగొస్తే తలుపు తీసే మనిషి ఉండదన్నది తిలకవతికి అంతకంటే పెద్ద బాధ.

కొట్టంలో వరదరాజ ఎద్దులు బలంగానే ఉన్నాయి. వాలుబాట మీదికి తెస్తే మాత్రం కదలవు. దూడలప్పటినుంచీ అతని పాటకే దిగడం మరిగాయి. బంగారు తనకు చేతనైనట్టు ఆ పాట ఎత్తుకుంటే ఎడమ ఎద్దు తల తిప్పి ఆయన్ని వింతగా చూసింది. మంచి గొంతున్నవాళ్ళు వచ్చి పాడినా అవి చెవులు ఆడించలేదు. ఒకడు ములుకర్ర ఎత్తేసరికి తిలకవతి అడ్డం వచ్చింది.

"కొట్టొద్దండన్నా. ఆయన ఒకనాడన్నా కొట్టిందే లేదు."

బంగారు ఆ మనిషిని పంపేసి, ఎద్దుల మెడ నిమిరాడు. "ఆ పాట్టు నీకు వస్తుంది గదా అమ్మణీ. దినామూ నీళ్ళు మళ్ళించే మడవ కాడ నిలబడి వింటివి."

"ఆయన వచ్చి పాడతాడు."

"సరి" అన్నాడు బంగారు.

కపిల దగ్గర ఆడవాళ్ళు పాడే వాడుక మాలో లేదు. అయినా ఆమె పాడనిది అందుకు కాదు. అతని పాట తాను పాడితే, ఇక అతను పాడడని ఒప్పుకున్నట్టే. బంగారుకు ఆ సంగతి తెలుసు.

మర్నాటినుంచీ ఆయన వేకువనే వచ్చి ఆ ఎద్దుల్ని కట్టి, పగ్గాలు పట్టుకుని ఊరకే నిలబడేవాడు. పొద్దెక్కితే విప్పి కొట్టంలో కట్టేసి పోయేవాడు. బంగారుకు బుర్ర తిరిగిందని జనం నవ్వారు. మంచులో ఆ మనిషీ ఆ ఎద్దులూ కలలోవాళ్ళలాగా మసకగా కనిపించేవాళ్ళు.

"ఎందుకన్నా సుమ్మా నిలబడేది?" అని ఒకసారి అడిగింది తిలకవతి.

"ఇవి దోవ మరిచిపోకుండా ఉండాల గదా. నీకు కష్టంగా ఉంటే చెప్పు, రాను."

ఆమె రావద్దనలేదు.

ఒక వేకువ మంచు మరీ దట్టంగా ఉంది. తిలకవతి ఎండిన మడవ దగ్గర నిలబడి ఉంది. కాలి కింద మన్ను బొరుగుల్లా పొడిపొడిగా ఉంది. ముందు ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అనిపించింది బంగారుకు. మంచి చెవి అటు తిప్పాడు.

*మొదటి బాన పిళ్ళారికి, మలి బాన మట్టికి,*
*ఆ పై బాన తిలకం కాళ్ళకి, తడిసి నవ్వే కాళ్ళకి…*

మడవ దగ్గర నిలబడే పెళ్ళాన్ని ఆట పట్టించడానికి వరదరాజ కట్టిన పాట అది. తన పేరు తానే పలుకుతూ, ఒక్క మాట మార్చకుండా పాడింది తిలకవతి.  ఎద్దులు చెవులు నిక్కించి అడుగు వేశాయి. బంగారు మోకు మీద కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది గానీ కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పక్క బావుల్లో పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరికీ తెలిసిన పాటే. గొంతు వేరు. ఆ గొంతులో విని, వరదరాజ పోయాడని ఊరు తెలుసుకుంది. చేను తడిసేదాకా ఆ మంచులో ఆ ఒక్క పాటే ఉంది.

చేను తడిశాక తిలకవతి బురదకాళ్ళతోనే ఇంటికి వచ్చింది. కన్నమ్మాళ్ గుమ్మంలో కూర్చుని ఉంది.

"అత్తా, ఇంగ ఆయన రాడు."

"తెలుసు బిడ్డా."

"ఎప్పటినించి?"

"ఆ సిపాయి చెప్పిన పొద్దే తెలుసు. నువ్వు కాచుకోని ఉంటివి. నీ ముందర నేనెట్ల ఏడ్చేది?"

అప్పుడు కోడలి భుజం పట్టుకుని ఏడ్చింది కన్నమ్మాళ్, కొడుకు పోయిన ఇన్నాళ్ళకు, పాళెమంతా వినేటట్టు.