అత్తయ్య రంగు

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మా ఆయన కేశవరావు ఫొటో స్టూడియో పెట్టి ఇరవై రెండేళ్ళు. సివిల్స్ రాసే పిల్లలు ఎందరో దరఖాస్తు ఫొటో ఆయన దగ్గరే దిగారు. ఎవరిదైనా సరే, కంప్యూటర్లో ముందు మొహం తెల్లగా చేసి, పాతదాని మీదే సేవ్ చేసేస్తాడు. "ఫొటోలోనైనా తెల్లగా ఉండనీవే," అంటాడు. నల్లదాన్ని, నా ఎదుటే! ఒళ్ళు మండిపోయేది.

పోయిన చలికాలం అబేనా వచ్చింది. ఘనా పిల్ల, ఇక్కడ చిత్రకళ చదువుతోంది. వాళ్ళ అమ్మమ్మ బొమ్మ వేసి, ప్రదర్శన పుస్తకంలో అచ్చువేయడానికి ఫొటో తీయమని తెచ్చింది. కుర్చీలో దర్జాగా కూర్చున్న ముసలావిడ, నల్లని నలుపు. తేరిపార చూస్తే ఆ నలుపులోనే నీలం, ఎరుపు. ఆ రంగు కుదరడానికే నాలుగు నెలలు పట్టిందట.

"తెల్లవాళ్ళు వేసిన పాత బొమ్మల్లో మావాళ్ళు నౌకర్లుగా ఓ మూల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటారు దీదీ. బొమ్మలు వేసిన మావాళ్ళ పేర్లయితే పుస్తకాల్లోకే ఎక్కలేదు. అందుకే అమ్మమ్మను నడిమధ్య కూర్చోబెట్టాను," అంది.

మా ఆయన శ్రద్ధగానే తీశాడు. తీశాక చెయ్యి ఊరుకోదుగా! మర్నాడు అబేనా కంప్యూటర్లో చూసి కొయ్యబారిపోయింది.

"ఈవిడెవరు భయ్యా?"

"బాగుంటుందని కాస్త..."

"సాయంత్రం ప్రెస్సుకి పంపాలి. ఇలా వెళితే మా అమ్మమ్మ మళ్ళీ కనబడకుండా పోతుంది," అంటూ ఏడ్చేసింది.

"సిగ్గుండాలండీ మీకు!" అని అరిచాను. బొమ్మ ఇంకా స్టూడియోలోనే ఉంది కాబట్టి బతికిపోయాం. మళ్ళీ తీశాడు, ఈసారి రంగు ముట్టుకోలేదు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని ఫొటో తీసుకెళ్ళింది.

ఆ తర్వాత మా ఆయన గోడమీద దండ వేసిన ఫొటో కేసి చూస్తూ ఉండిపోయాడు. మా అత్తగారు రాజేశ్వరమ్మ. పోయే ముందు ఆయనే తీసిన ఒకే ఒక్క ఫొటో. అందులో ఆవిడ గోధుమరంగు. పాత డిస్కులన్నీ తీసి సాయంత్రందాకా వెతికాడు.

"దొరికిందా?"

"దానిమీదే సేవ్ చేశాను నాగేంద్రం." చేతిలో డిస్కు పక్కన పెట్టేశాడు. "అమ్మ ఏ రంగులో ఉండేదే? ఎంత తలుచుకున్నా ఈ ఫొటోయే గుర్తొస్తోంది."

కోపమంతా ఎటు పోయిందో. గాజులు పైకి తోసి, నా చెయ్యి ఆ ఫొటో పక్కన పెట్టాను.

"ఇదిగో, ఇలా ఉండేవారు."