కందుల బస్తాలకు కొలిచిన కమాన్లు

మనిషి పోయాడు కదా, ఇంకా ఎందుకు ఆ కోపం అంటారు మావాళ్లు. పోతే పోయాడు. మా అన్నయ్య కారుకి వేయించిన కమాన్ల సంగతి మాత్రం నేను మర్చిపోను.

డెబ్బైల మధ్యలో ఆయన తిరువూరులో ఒక పాత కారు కొన్నాడు. వెనక చక్రాల మీద బరువుకి వంగి కుదుపు ఆపే కమాను పట్టీలు అప్పటికే చచ్చిపోయి, కారు తోక నేలకు వాలి ఉండేది. వెనక ఇద్దరు కూర్చుంటే చాలు, పై రేకు టైరుకి రాసుకునేది. ఊళ్లో అందరూ నవ్వుతున్నారని ఆయన బాధ. నా బాధ అమ్మ. బావి దగ్గర జారిపడి నడుము విరిగినంత పనై, నెలకు రెండుసార్లు విజయవాడ డాక్టరు దగ్గరకు వెళ్లాల్సివచ్చేది. బస్సు కుదుపులకు అమ్మ తట్టుకోలేదనే కారు కొన్నానని ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు.

కమాన్లు మార్పించడానికి మేస్త్రిని ఇంటికే పిలిపించాడు. ఆ మేస్త్రికి ఒక పద్ధతి ఉంది. కారులో మామూలుగా ఎక్కేవాళ్లను ఎక్కించి, చక్రానికీ పై రేకుకీ మధ్య సందు జానతో కొలిచి, అప్పుడు ఏ పట్టీలు వెయ్యాలో చెప్పేవాడు.

"రోజూ ఎవరెక్కుతారో వాళ్లనే కూర్చోబెట్టండి బాబుగారూ" అన్నాడు.

అరుగు మీద ఉన్న అమ్మ కర్ర పట్టుకుని లేవబోయింది. ఈలోగా అన్నయ్య పాలేళ్లను కేకేసి డిక్కీలో రెండు, వెనక సీట్లో రెండు కందుల బస్తాలు వేయించాడు.

"అమ్మని కూర్చోబెట్టి కొలవాలి కదా అన్నయ్యా" అన్నాను.

"నీకేం తెలుసు? లోపలికెళ్లు."

మేస్త్రి నచ్చజెప్ప చూశాడు. "మామూలు పట్టీలేసుకుంటే మెత్తగా పోద్దండి. ఇంత బరువుకైతే మందంవి, అవీ రెండు ఎక్కువ వెయ్యాలి. బరువుంటేనే వంగుతాయి. ఖాళీగా వెళ్తే మనిషిని ఎగరేస్తాయండి."

"ఎగరెయ్యనీ. తోక మాత్రం వాలకూడదు" అన్నాడు అన్నయ్య. అమ్మ మళ్లీ అరుగు మీద కూర్చుంది.

కమాన్లు వేశారు. తోక లేపుకుని నిలబడ్డ కారుని ఆయన చుట్టూ తిరిగి చూసుకుని మురిసిపోయాడు. మొదటి ప్రయాణంలో మైలవరం చేరకముందే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గుంట వచ్చినప్పుడల్లా సీటు ఎగరేసి కొట్టేది. ముందు కూర్చుని నడుపుతున్న పెద్దమనిషి రోడ్డుని తిట్టాడు, రోడ్డు వేసినవాళ్లని తిట్టాడు, తాను ఎంచిన పట్టీలను మాత్రం ఒక్క మాట అనలేదు.

రెండోసారి బయల్దేరేటప్పుడు అమ్మే అడిగింది. "నాయనా, ఆ బస్తాలు కూడా వేసుకోరాదూ? బరువుంటే వంగుతాయని ఆ మేస్త్రి అన్నాడుగా" అని బతిమాలింది. కన్నకొడుకుని! తన కోసం కొన్న కారులో కూర్చోవడానికి! నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"చూశావా, అమ్మకి తెలిసినపాటి నీకు తెలీలేదు" అని నాలుగు బస్తాలూ ఎక్కించాడు. వెనక సీట్లో రెండు బస్తాలు, అవి పోగా మిగిలిన చోట అమ్మ. నిజం చెప్పాలి, ఆ పూట కారు మెత్తగానే వెళ్లింది. కొండపల్లి దగ్గర అమ్మ ఓ కునుకు కూడా తీసింది.

విజయవాడ చేరాక ఆయన ముందు కందుల వ్యాపారి కొట్టు దగ్గర ఆపాడు. బస్తాలన్నీ దింపించి, పనిలో పనిగా ఇదీ అయిపోయిందని చేతులు దులుపుకున్నాడు. డాక్టరు ఆ తర్వాతే.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఖాళీ. నేను ముందు సీటు వదిలేసి, వెనక బస్తాలున్న చోట అమ్మకి ఆనుకుని కూర్చున్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వెంత బరువుంటావే పిచ్చిదానా" అంది.

తిరువూరు దాకా ఆ పట్టీలు వంగలేదు.