అరవై ఒకటి వెంట ఆసిఫాబాద్ దాకా

నేను కరీంనగర్‌లో బడిపంతులును. ఒకటి, మూడు, నాలుగు, ఏడు, పదకొండు... ఇలా ముందున్న రెండింటినీ కూడితే తర్వాతిది వచ్చే వరుసలో ఏ సంఖ్యా అరవై ఒకటితో భాగింపబడదని నా నమ్మకం. హైదరాబాదులో కొత్తగా వచ్చిన గణనయంత్రం దగ్గర పనిచేసే మిత్రుడు వేల సంఖ్యల దాకా, అరవై ఒకటితో భాగిస్తే మిగిలే శేషాలు అచ్చువేయించి పంపాడు. ఒక్క సున్నా లేదు! ఎగిరి గంతేశాను. కానీ ఆదివారం నేను మాట్లాడాల్సిన గణితసభకు అధ్యక్షులైన మా గురువుగారు ఆసిఫాబాద్ నుంచి ఉత్తరం రాశారు: "యంత్రం చూసింది సరే, రుజువేది? అది లేకుంటే నీ పేరు కొట్టేస్త." నాకు ఒళ్లు మండింది. కాగితాలు చంకన పెట్టుకుని బయలుదేరాను.

ఉదయం ఆరింటి బస్సుకు పెద్దపల్లి చేరాను. టిక్కెట్టు రూపాయి లోపే. తొమ్మిదింటి ప్యాసింజరు రామగుండం దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి అచ్చుకాగితం ఒళ్లో పరచుకుని కూర్చున్నాను. పక్కన మల్లేశం అనే నేతకారుడు. కాగజ్‌నగర్‌లో బిడ్డను చూడబోతున్నాడట. వరుసకు పద్నాలుగు చొప్పున ఉన్న అంకెల మీద అతని వేలు మెల్లగా కదులుతోంది.

"సారూ, గీ చీర అంచు నమూనా ఎవరు గీసిండ్రు?"

"ఇది చీర కాదయ్యా, లెక్క. యంత్రం చేసింది."

"అట్లనా! నేను రంగుల నంబర్లు అనుకున్న. పోగులు లెక్కవెట్టుకుంట వచ్చిన. సరిగ్గ ఒక పుంజం కాంగనే మళ్ళ మొదలుకొచ్చింది. ఒకటి, మూడు, నాలుగు, ఏడు. జర గిక్కడ చూడుండ్రి."

పుంజమంటే అరవై పోగులు. నేను ఇన్నాళ్లూ సున్నా కోసమే కళ్లు చించుకున్నాను, మిగతా అంకెల మొహమే చూడలేదు. ఒకటీ మూడూ పక్కపక్కన తిరిగి వచ్చాయంటే తర్వాతివన్నీ తిరిగి రావలసిందే! మొదటి అరవైలో సున్నా లేదు కనుక ఇక ఎప్పటికీ రాదు. అమాంతం మల్లేశాన్ని కౌగిలించుకున్నాను. "ఏమైంది సారూ, పరేషాన్ చేస్తుండ్రు," అని నవ్వాడు.

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో దిగి, బస్సు పట్టుకుని ఊళ్లోకి వెళ్లేసరికి రెండు దాటింది. గురువుగారు అరుగు మీదే ఉన్నారు.

"వేలదాక చూసిందిరా నీ యంత్రం. గా తర్వాతి సంగతేంది?"

"తర్వాత అనేదే లేదు సార్. అరవై దాటితే మళ్లీ మొదటివే."

ఆయన కాగితం లాక్కుని అరవై అంకెలూ స్వయంగా సరిచూశారు. ఒకటీ మూడూ మళ్లీ కనబడగానే తొడ చరిచి, సభ జాబితాలో నా పేరు ముందుకు జరిపారు. నేను కలం అడిగి పక్కనే మల్లేశం పేరు రాశాను. ఆయన కాదనలేదు.

యంత్రాలు ఆలోచిస్తాయా అని పత్రికల్లో వాదించుకుంటున్నారు. నాకు తెలియదు. అది అలసిపోకుండా అంకెలు పోసింది, మల్లేశం వాటిలో అల్లిక చూశాడు, అది ఎప్పటికీ ఎందుకు తప్పదో నేను చెప్పాను. పండితులకు ఇది చిన్న లెక్కే కావచ్చు. నాకు మాత్రం ఆ రోజు భూమి మీద కాలు నిలవలేదు.

వెళ్లేవారికి ఒక్కమాట: స్టేషన్ నుంచి ఆసిఫాబాద్ ఊరు చాలా దూరం, రైలు దిగగానే బస్సు అందుకోండి. రైల్లో మాత్రం మీ లెక్క నలుగురికీ కనబడేలా పరచుకుని కూర్చోండి.