ప్రసంగ వేదిక మీద నా గడియారం

ఆ రోజుల్లో మా సంఘంలో మనిషి విలువను అతని గడియారాన్ని బట్టి కొలిచేవారంటే మీరు నమ్మరు. నమ్మనక్కరలేదు, అలా కొలిచింది నేనొక్కణ్ణే. సంగతేమిటంటే, నాంపల్లిలో మేము వెళ్ళే చర్చిలో గోడ గడియారం ఉండేది కాదు. ఉన్న ఒక్కదాన్నీ మా పాస్టరు గారే తీయించేశారు, జనం వాక్యం వదిలేసి దాని వైపే చూస్తున్నారని. ఆయన చేతికి గడియారం కట్టరు, చర్చిలో ఎవరి సెల్‌ఫోను కనబడినా ఊరుకోరు. అందుకని ప్రసంగానికి లేవగానే ముందు బెంచీ వైపు చెయ్యి చాపేవారు. ఎవరో ఒకరు గడియారం విప్పి ఇస్తే, దాన్ని బైబిలు పక్కన పెట్టుకుని, మధ్యమధ్య చూసుకుంటూ, పన్నెండయ్యేసరికి ఆమెన్ అనేవారు.

ఎవరో ఒకరు అన్నాను గానీ, ఆ ఒకరు ఎప్పుడూ మా బావే. మా మేనమామ కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద. మేనమామ పోతూ పోతూ అతనికి ఒక స్విట్జర్లాండు గడియారం వదిలి వెళ్ళాడు. పాస్టరు గారి చెయ్యి ఇలా చాపీ చాపకముందే బావ అలా విప్పి, పట్టీ సరిచేసి, రెండు చేతులతో అందించేవాడు. అంతసేపూ వెనక బెంచీలన్నీ అతని వీపునే చూస్తున్నట్టు నాకనిపించేది. పొరుగువాని ఇల్లు, ఎద్దు, గాడిద ఆశించకూడదని ఆదివారం బడిలో కంఠతా పట్టినవాణ్ణే నేను. (ఆ జాబితాలో గడియారం లేదన్న సంగతి కూడా బాగా గుర్తుపెట్టుకున్నాను.) ఒకసారి ఉండబట్టలేక, "నీ గడియారం బాగా నడుస్తదా బావా?" అని అడిగాను. "ఏముందిరా, నాయిన యాది, పాతది. నువ్వు జర కట్టుకుంటవా ఒక వారం?" అన్నాడు. ఆ మంచితనం నా ఒళ్ళు ఇంకా మండించింది. గర్వంగా ఏదన్నా అని ఉంటే కనీసం క్షమించేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే మెదక్ దిక్కు నుంచి నాకొక సంబంధం వచ్చింది. అమ్మాయి టీచరు. ఆమె, వాళ్ళ నాన్న, తాత ఆదివారం మా చర్చికే ఆరాధనకు వచ్చి, అది ముగిశాక గౌలిగూడలో మా ఇంటికి భోజనానికి రావాలని పెద్దలు అనుకున్నారు. అంటే ఏమిటి? ఆ అమ్మాయి మొదటిసారి మా సంఘాన్ని చూసే రోజున, అందరి ముందూ ఠీవిగా గడియారం విప్పి ఇచ్చేది బావ. పెళ్ళికొడుకు ఎవరని ఆమె వాళ్ళ నాన్నను అడిగితే, ఆయన వేలు ఎటు తిప్పాలి?

ఆఫీసు నుంచి వస్తూ ఆబిడ్స్‌లో ఒక సందు మొదట్లో పాత గడియారాల దుకాణం దగ్గర ఆగడం నాకప్పటికే అలవాటు. అద్దాల అల్మారాలో, తెల్లని ముఖం మీద సన్నని బంగారు ముళ్ళతో ఒక స్విస్ గడియారం నన్నే చూస్తుండేది. కొనేముందు ఒక వారం ప్రార్థనలో పెట్టాను. "ప్రభువా, నీ చిత్తమైతే అది వారం దాకా అమ్ముడుపోకూడదు" అని గుర్తు అడిగాను. అమ్ముడుపోలేదు. (చాలా ఏళ్ళుగా అమ్ముడుపోవడం లేదని దుకాణదారుడే తరవాత చెప్పాడు, గుర్తు అప్పటికే నెరవేరిపోయింది.)

"సాబ్, గిది కొనెటోడు కొంటడు, చూసెటోడు చూస్తడు. నవాబుల చేతికి తిరిగిన చీజ్ ఇది" అన్నాడాయన, గడియారాన్ని నా చెవి దగ్గర ఊపుతూ. "ఏ నవాబు?" అన్నాను. "అన్ని పేర్లు యాదికుంటయా సాబ్? దేఖో, దీనికి కీ ఇచ్చుడు లేదు. చెయ్యి కదిలితే దానంతట అదే చుట్టుకుంటది. చేతికుంటేనే నడుస్తది, పెట్టెల పెడితే పండి నిద్రపోతది." నవాబు మాట ఎలాంటిదో ఇదీ అలాంటిదే అనుకున్నాను. నా మనసప్పటికే ప్రసంగ వేదిక ఎక్కి కూర్చుంది. పదోన్నతి వచ్చాక దాచుకున్నది, పెళ్ళి బట్టలకని దాచుకున్నది అంతా అక్కడ పెట్టేసి వచ్చాను. అమ్మకు గడియారం చూపిస్తే, "పిల్లను చూడకముందే ఏందిరా గీ సోకు? గిప్పుడు టైము తెల్వక ఆగిందా నీ పెండ్లి?" అంది.

కొన్నది గురువారం. ఆదివారం దాకా నేను దాన్ని చేతికి కట్టనే లేదు. బస్సులో గీత పడుతుందేమోనని ఒక భయం, బావ ముందే చూసేస్తాడేమోనని ఇంకో భయం. ఉతికిన చేతిరుమాల్లో చుట్టి బీరువాలో బైబిలు పక్కన పెట్టాను. ఆదివారం పొద్దున తీసి, సెల్‌ఫోను చూసి టైము దిద్ది, చొక్కా చెయ్యి ఒక మడత పైకి మడిచి, బావకన్నా ముందు చర్చికి వెళ్ళి, అతను కూర్చునే నడవ పక్క చోటులో కూర్చున్నాను. పాటలప్పుడు అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం చెయ్యి కదపలేదు, అద్దానికి ఏదన్నా తగులుతుందని. మెదక్ వాళ్ళు స్త్రీల వైపొకరు, పురుషుల వైపిద్దరు కూర్చోవడం ఓరకంట చూసుకున్నాను.

పాస్టరు గారు లేచారు. చెయ్యి చాపారు. బావ చెయ్యి పట్టీ మీదికి వెళ్ళేలోపే నాది ఆయన అరచేతిలో ఉంది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "దేవునికి స్తోత్రం, బాగుంది బాబూ" అన్నారు. నా జీవితంలో అంతకుమించిన ఆశీర్వాదం నేనెరగను.

ప్రసంగం బాగా సాగింది. సాగింది. ఇంకా సాగింది. పాస్టరు గారు గడియారం వైపు చూసి, "ఇంకా సమయం ఉంది గనుక రెండో భాగానికి వద్దాం" అన్నారు. రెండో భాగం అయ్యాక మళ్ళీ చూసి, "దేవుడు ఈ రోజు మనకు చాలా సమయం ఇచ్చాడు" అన్నారు. వెనక దగ్గులు మొదలయ్యాయి. పక్కనుంచి బావ మణికట్టు ఎత్తి తన గడియారాన్ని నా మొహం ముందు పెట్టాడు. ఓహో, అనుకున్నాను, వేదిక దక్కలేదని ఇక్కడ చూపించుకుంటున్నాడు! మొహం అటు తిప్పుకున్నాను. మోచేత్తో పొడిచాడు. నేను ఇంకా నిటారుగా కూర్చున్నాను. "ఒరేయ్, జర ఇటు చూడురా, నీ తాతకు దండం పెడ్త" అని గొణిగాడు. అసూయ మనిషిని ఎంత దీనుణ్ణి చేస్తుందో కదా అని అతని కోసం మనసులో ప్రార్థించాను కూడా.

మూడో భాగం మధ్యలో పురుషుల వైపు నుంచి మెదక్ తాత లేచి నిలబడ్డాడు. నుదుటంతా చెమట. "అయ్యగారూ, తప్పుగా అనుకోకుండ్రి. నాకు షుగరున్నది, పొద్దున ఆరింటికి తిన్న. జర ఆమెన్ అనుండ్రి" అన్నాడు. పాస్టరు గారు కంగారుగా నా గడియారాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఊపారు. అది ప్రాణం వచ్చినట్టు టిక్కుటిక్కుమంది. దించగానే మళ్ళీ ఆగింది. అప్పుడు పన్నెండు దాటి ముప్పావుగంట. ఆమెన్ అంత గట్టిగా మా సంఘం ఎన్నడూ చెప్పలేదు.

తాతకు వెంటనే ఏదన్నా పెట్టాలి. మా ఇల్లు గౌలిగూడలో, అమ్మ వండిన కోడికూర గౌలిగూడలో. బావ ఇల్లు చర్చి వెనక సందులో. "రాండ్రి తాతా, ఇగో గీడనే" అంటూ బావ ఆయన భుజం పట్టుకుని తీసుకుపోయాడు, వెనకే వాళ్ళ నాన్న, వెనకే ఆ అమ్మాయి. వేదిక దగ్గర గడియారం కోసం నిలబడిన నాతో పాస్టరు గారు, "ఒకప్పుడు ఆకాశంలో సూర్యుడు ఆగాడని బైబిల్లో చదివాం బాబూ, అది యుద్ధం కోసం. ఇది ఎందుకోసం?" అన్నారు. నేను వెళ్ళేసరికి అత్త వాళ్ళకు పప్పన్నం వడ్డిస్తోంది, బావ విసనకర్రతో తాతకు విసురుతున్నాడు. ఆ అమ్మాయి బావ వైపు చూసిన చూపు నేను చూశాను. పక్క వారమే మధ్యవర్తి వచ్చి మా అమ్మ దగ్గర నీళ్ళు నములుతూ, "ఏమనుకోకక్కా, తాతకు గా పిల్లగాడు నచ్చిండట" అన్నాడు.

ఆ విధంగా బావ పెళ్ళి నా గడియారం చేసింది. బావ భార్య వరసకు నాకు అక్క. కొత్త సంవత్సరం భోజనానికి వెళితే ఆమె చారు గరిటె పట్టుకుని, "తమ్ముడూ, జర పొయ్యనా? నీ గడియారం ఆగకపోతే నేను గీడ ఉండేదాన్ని కాదు" అంటుంది, ఏటా అదే మాట. బావ తలొంచుకుని అన్నం కలుపుకుంటాడు, మంచివాడు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, కాకపోతే ఇప్పుడు కొంచెం నవ్వుతో కలిసి మండుతుంది. తరవాత నాకూ పెళ్ళైంది, కాచిగూడ అమ్మాయి, పప్పు అత్త కన్నా బాగా చేస్తుంది. (ఈ మాట బావ ముందు కూడా అంటాను.)

ఇప్పుడు పాస్టరు గారు మారారు. కొత్తాయన సెల్‌ఫోనే వేదిక మీద పెట్టుకుంటారు, ఎవరి వైపూ చెయ్యి చాపరు. ముందు బెంచీలో బావా నేనూ పక్కపక్కనే కూర్చుంటాం, చేతులకు రెండు స్విస్ గడియారాలు, అడిగేవాడు లేడు. అయినా కొత్తాయన ప్రసంగానికి లేవగానే నా ఎడమ చెయ్యి దానంతట అదే గబగబా ఊగడం మొదలుపెడుతుంది. వెనక స్త్రీల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వుతారు. అది అక్కో, మా ఆవిడో నేను తిరిగి చూడను. చెయ్యి మాత్రం ఊపుతూనే ఉంటాను.