సున్నం గుండ్రంలో నా పరీక్షలు

ఇబ్రహీంపట్నం దగ్గర నేను మట్టిని పరీక్షించే ఉద్యోగం చేసిన రోజుల్లో, నన్ను చూసినవాళ్లెవరూ అది ఉద్యోగమని నమ్మలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం అన్న మాట వినగానే మనుషులు కుర్చీ దగ్గరికి జరుపుకుంటున్న కాలమది. రావిర్యాల వైపు కొత్త రోడ్డు వేస్తున్నారు. మొరం మట్టి పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కిస్తారు. పొర సరిగ్గా గట్టిపడిందో లేదో చూసి సంతకం పెట్టేది నేను. నా సంతకం లేనిదే పై పొర పడదు. ఈ ముక్క రోజుకొకసారైనా ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేది కాదు.

పని మాత్రం చూడటానికి అంత గొప్పగా ఉండదు. నడుమ బెజ్జమున్న రేకు పళ్లెం నేల మీద పరిచి, ఆ బెజ్జంలోంచి ఉలితో, చెంచాతో జానెడు లోతు గుంట తవ్వాలి. తీసిన మట్టిని రవ్వ కూడా పోకుండా తూచాలి. ఆ తరువాత గుంటను జల్లించిన ఇసుకతో నింపి, ఎంత ఇసుక పట్టిందో చూడాలి. ఇసుకను బట్టి గుంట ఎంతదో తెలుస్తుంది. అంత గుంటలో ఎంత బరువు మట్టి ఉందో చూసి, ల్యాబులో దిమ్మిసతో కుదేసిన మట్టితో పోలిస్తే నూటికి ఇంత అని తేలుతుంది. తొంభై ఐదు దాటితే పాసు. మేకలు కాసే ఒక ముసలామె మొదటిరోజే నన్ను చాలాసేపు చూసి, మట్టి తీసి మళ్లీ మట్టే పోస్తున్నావు, నీకు ఇంట్లో చెప్పేవాళ్లు లేరా అని అడిగింది. ప్లాట్లమ్మే ఒకాయన బైకు ఆపి, తన వెంచర్లోనూ ఒక గుంట తవ్వి తొంభై ఎనిమిదని రాసిస్తే గేటుకు బోర్డు కట్టుకుంటానన్నాడు. ఇద్దరి మీదా నాకు ఒకేలా ఒళ్లు మండింది.

రోలరు నడిపేది పక్క ఊరి ముసలాయన. నేను ఆయన్ను చాచా అనేవాణ్ని, ఆయన నన్ను బేటా అనేవాడు. మోకాళ్లు అరిగిపోయి నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాలి. రోలరెక్కితే మాత్రం దిగేదాకా ఆ నొప్పి సంగతే మరిచిపోయేవాడు. ఆ వయసులో ఆ సీటు పోతే ఇంకో సీటు ఎవరూ ఇవ్వరని సైటులో అందరికీ తెలుసు.

నేను వెళ్లేసరికి రోడ్డు మీద అక్కడక్కడ సున్నంతో గుండ్రాలు గీసి ఉండేవి. ప్రతి గుండ్రం పక్కనా మడతపెట్టిన గోనెసంచి, కాసిని మంచినీళ్లు. త్రాసుకు గాలి తగలకుండా గొడుగు కూడా ఉండేది. గుండ్రాలు ఇంజనీరుగారి ఆఫీసు గీయించిందని నేననుకున్నాను. నేనే గీయించానని ఇంజనీరుగారు అనుకున్నారు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు అది ప్రభుత్వ రూలనుకుని, మొదటి గుండ్రం దగ్గర కొబ్బరికాయ కూడా కొట్టాడు. ఆ నీళ్లు నా గుంటలో పడి తేమ లెక్క తప్పింది, పరీక్ష మళ్లీ చేశాను. ఎవరు గీశారని మాత్రం ఏ ఒక్కరమూ అడగలేదు. ఇంత మర్యాద జరుగుతుంటే అడగడానికి నాకు మనసు రాలేదు, అదీ అసలు సంగతి.

ఫలితాలు అద్భుతం. ఎక్కడ తవ్వినా తొంభై ఎనిమిది. మా అబ్బాయికి లెక్కల్లో కూడా ఇన్ని రాలేదని ఇంజనీరుగారు నిజంగానే బాధపడ్డారు.

తరువాత రెండు రోజులు వాన పట్టింది. మూడో రోజు ఇంజనీరుగారి జీపులో రోడ్డు చూడబోయాం. కొంత దూరం పోగానే జీపు ఎగిరింది, ఇద్దరి తలలూ పైకప్పుకు తగిలాయి. ఇంకొంత దూరం పోయాక మళ్లీ అంతే. నాలుగోసారి ఆయన జీపు ఆపించారు.

"గీ స్పీడ్ బ్రేకర్లు ఎవలు పెట్టమన్నరు?" అన్నారు.

దిగి చూశాను. రోడ్డంతా వానకు కుంగిపోయింది. మధ్యమధ్య నాలుగు బారల పొడవున కొన్ని చోట్ల మాత్రం నేల చెక్కుచెదరకుండా దిబ్బల్లా నిలబడింది. ఒక్కో దిబ్బ నడిమధ్యన, ఇసుకతో పూడ్చిన నా గుంట. అలాంటివి పద్నాలుగు లెక్కపెట్టాను. నేను ఇచ్చిన రిపోర్టులూ పద్నాలుగే. అందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. నా బతుకులో అంత సిగ్గుపడింది లేదు.

సూపర్‌వైజరు ఆలస్యం చేయలేదు. రోలరు ముసలాయన సరిగ్గా తొక్కలేదనీ, రేపటినుంచి వేరేవాణ్ని పెడతాననీ అన్నాడు. నేను చాచా దగ్గరికి పోయి, గుండ్రాలెవరు గీశారని అప్పుడు అడిగాను. ఆయన దాచలేదు.

"రోలరు ఆపుకుంట నేనే గీసిన బేటా. సుట్టమొస్తే మంచం మీద దుప్పటి పరుస్తం గద. నువ్వొచ్చి మట్టిల కూసుంటవ్. అందుకే గా జాగ జర ఎక్కువ తొక్కిన."

రోజుకింత డీజిల్ అని పోసేవారు. రోడ్డంతా ఎనిమిదిసార్లు తొక్కడానికి సరిపోయే డీజిల్‌తో ఆయన నా చోటును ఇరవైసార్లు తొక్కి, మిగతా నేలకు మూడో నాలుగో సరిపెట్టేవాడు. పరీక్ష మట్టికని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వచ్చినవాణ్ని బాగా చూసుకుంటే చాలనుకున్నాడు. ఆ మాటకొస్తే నేనూ అలాగే అనుకున్నాను.

ఇంజనీరుగారి దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పాను. ఎక్కడ తవ్వాలో పరీక్షించేవాడే తేల్చుకోవాలి, నేను గోనెసంచి ఎక్కడుంటే అక్కడ కూర్చున్నానన్నాను. ఆయన నుదుటి బొప్పి తడుముకుంటూ విన్నారు. నాకు మెమో వచ్చింది, చాచా సీటు నిలబడింది. పొరంతా గీకేసి కొత్తగా పోశారు.

ఈసారి గుండ్రాల్లేవు. నేను రోడ్డుకు వీపు పెట్టి, కళ్లు మూసుకుని, నా చెప్పు వెనక్కి విసిరాను. అది పడ్డచోటికి కుంటుకుంటూ పోయి తవ్వాను. తొంభై ఏడు. మళ్లీ విసిరాను. తొంభై ఎనిమిది. మూడోసారి చెప్పు రోడ్డు అంచున పడింది, అక్కడా తొంభై ఏడే. మేకల ముసలామె ఇంటికి కబురు పెట్టమంటావా అని అడిగి పోయింది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. రోలరు దగ్గరికి పోయి, ఈసారి ఏం చేశావు చాచా అని అడిగాను.

పొద్దున్నే సూపర్‌వైజరుతో కొట్లాడి డీజిల్ ఎక్కువ పోయించుకున్నాడట. సీటు దిగకుండానే ఆయన నా ఉత్తకాలు వైపు చూశాడు.

"నువ్వు ఏడ కూసుంటవో తెల్వకపాయె బేటా. ఇగ అంతట దుప్పటి పరిచిన."