బాబాయి మరుపు మీద ఒక అభ్యంతరం

ఒక సెలవురోజు మధ్యాహ్నం, వంటగది గుమ్మంలో, బాబాయికి మతి పోయిందని ఇంటివాళ్లు తీర్పు చెప్పారు. ఆయనను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన చేతిలోని సరుకుల సంచీ లాక్కున్నారు. దారి తప్పితే ఎవరైనా తెచ్చి అప్పగిస్తారని చొక్కా జేబు లోపల ఇంటి చిరునామా కుట్టించారు. ఇదంతా వీధి తలుపు బార్లా తెరిచి, అన్ని అంతస్తులకూ వినబడేటట్టు జరిపించారు.

ఆరోపణ ఒక్కటే: మరుపు. ఆయనది సామాన్యమైన మరుపు కాదని ఒప్పుకోక తప్పదు. లోకంలో అందరూ గొడుగులు మరిచిపోతారు. బాబాయి పెళ్లి చేసుకోవడమే మరిచిపోయాడు. ఎవరైనా గుర్తు చేస్తే, "అవునండోయ్, ఏదో మిగిలిపోయిందని నాకూ అనిపిస్తూనే ఉంది" అనేవాడు.

ఆ ఇల్లు లిఫ్టులేని మేడలో మూడో అంతస్తు. అందులో బాబాయి, ఆయన అన్నగారు, వదిన, వాళ్ల కూతురు, అన్నదమ్ముల ముసలి తల్లి ఉంటారు. అన్నగారు సిటీ బస్సు డ్రైవరు. వదిన కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టుపని చేస్తుంది. బాబాయి రెండు వీధుల అవతల ఒక క్యాంటీన్‌లో వడ్డన పని చేస్తాడు. అందరూ కలిసి ఉండటానికి ఒక కారణం ప్రేమ, ఇంకో కారణం అద్దె. నెలాఖరులో ఈ వరుస తారుమారవుతుంది.

కష్టం డిపో డాక్టరు రూపంలో వచ్చింది. ఆయన డ్రైవరును తూకం మీద నిలబెట్టి, రక్తపోటు చూసి, నెత్తురు తీయించి, పెదవి విరిచాడు. వచ్చే పరీక్షనాటికి ఒళ్లు తగ్గాలి, ఒంట్లో చక్కెర దిగాలి. లేకపోతే స్టీరింగు వదిలేసి, సగం జీతానికి డిపోలో బస్సులు కడగాలి. ఏమేం తినాలో కూడా ఆయన చెప్పి పంపాడు: బాదంపప్పులు, ఎక్కడెక్కడివో గింజలు, ఎవరూ చూడని నూనెలు.

"అవన్నీ తినాలంటే ముందు బస్సు అమ్మాలి" అన్నాడు డ్రైవరు.

"బస్సు నీది కాదురా" అంది తల్లి.

వ్యాయామశాల ఫీజు కనుక్కుని వచ్చిన కూతురితో వదిన, "అంత కట్టామంటే ఇంక వ్యాయామం అక్కర్లేదే, ఇంటిల్లిపాదీ ఊరికే సన్నబడతాం" అంది.

"పోనీ, నడవరా నాయనా" అని తల్లి బతిమాలింది.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా తిరుగుతూనే ఉన్నా కదమ్మా."

"ఊరంతా తిరిగేది బస్సు. నువ్వు కూర్చుంటావు."

డ్రైవరు అలిగి పడుకున్నాడు. నడక అనే మాట ఎత్తితే అన్నం మానేస్తానన్నాడు. అదైనా నిజంగా చేస్తే డాక్టరు సంతోషించేవాడు. సరిగ్గా ఆ వారంలోనే, వదినకు పని ఎక్కువైందని, సరుకులు తెచ్చే బాధ్యత బాబాయి నెత్తికెత్తుకున్నాడు. ఆ వారంలోనే ఆయన మరుపు ముదిరింది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆయన సంచీతో మెట్లెక్కి వచ్చి, సరుకులన్నీ బల్లమీద పేర్చి, నుదురు కొట్టుకునేవాడు.

"ఉప్పు మరిచిపోయా వదినా. పొద్దుటినుంచీ క్యాంటీన్‌లో నిలబడీ నిలబడీ కాళ్లు పీకుతున్నాయి. అన్నయ్యా, నువ్వు కూర్చునే ఉన్నావుగా, కాస్త..."

డ్రైవరు తిట్టుకుంటూ దిగేవాడు, రొప్పుతూ ఎక్కేవాడు. ఉప్పు బల్లమీద పెట్టేలోపు బాబాయి మళ్లీ నుదురు కొట్టుకునేవాడు.

"అగ్గిపెట్టె."

"ఒరేయ్, ఆ ముక్క నేను కింద ఉన్నప్పుడు గుర్తు రాలేదా?"

"లేదన్నయ్యా. నిన్ను చూడగానే గుర్తొచ్చింది."

స్కూటరు తాళం సంగతి మరీ విచిత్రం. రాత్రి స్కూటరు తుడుస్తానని తీసుకుని, ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. మరిచిపోయిన సంగతి మాత్రం తెల్లవారేసరికల్లా ఖచ్చితంగా గుర్తుండేది. "అన్నయ్యా, లే. తాళం కనబడటం లేదు. ఇప్పుడు బయల్దేరితే నడిచి వెళ్లినా డ్యూటీకి అందుకుంటావు" అని లేపేవాడు. డ్రైవరు తమ్ముణ్ని, తాళాన్ని, తమ్ముణ్ని కన్న తల్లిని వరసగా తలుచుకుంటూ డిపోదాకా నడిచేవాడు. ఒక్కరోజైనా ఆలస్యం కాలేదు. తాళం సాయంత్రానికి చెప్పుల అల్మారాలోనో, పప్పుడబ్బాలోనో దొరికేది. వాన పడే రోజున అసలు పోయేదే కాదు.

ఫోను వదలని అమ్మాయినీ ఆయన వదల్లేదు.

"తల్లీ, మేడమీద కళ్లజోడు మరిచిపోయా."

"బాబాయ్, అది నీ నెత్తిమీదే ఉంది."

"ఇది దగ్గరికి చూసేదమ్మా. దూరానికి చూసేది మేడమీద ఉంది."

ఇక నూనె, చక్కెర ఆయన మెదడులో నిలిచేవే కావు. పెద్ద సీసా తెమ్మంటే చిన్నది తెచ్చేవాడు; చిన్నది తెమ్మంటే క్యాబేజీ తెచ్చేవాడు. వేయించడానికి నూనె లేక వదిన కూరలు ఉడకబెట్టేది. చక్కెర లేక టీ చప్పగా పెట్టేది. సాయంత్రం నమిలే చిరుతిండి పొట్లాల మాట ఎత్తితే, "కొన్నాను వదినా, బస్సులో మరిచిపోయాను" అనేవాడు.

"ఏ బస్సులో? దుకాణం వీధి చివరే కదయ్యా" అని వదిన అడిగితే, "అదే నాకూ అర్థం కావడం లేదు" అనేవాడు.

ఈలోగా వదినకు వృత్తిపరంగా ఒక చిక్కు వచ్చిపడింది. తాను కుట్టిన డ్రైవరు యూనిఫాం ప్యాంటు నడుము దగ్గర వదులైంది. ఒకసారి బిగించింది. మళ్లీ వదులైంది, మళ్లీ బిగించింది. మూడోసారి ప్యాంటు చంకన పెట్టుకుని బట్టల దుకాణానికి వెళ్లి, సాగే బట్ట అంటగట్టారని దుకాణదారును నిలదీసింది.

"ఈ బట్ట సాగదమ్మా. చిరిగితే చిరుగుతుందేమో."

"మరి ఆయన నడుము ఎందుకు వదులైంది?"

"నేను అమ్మింది బట్ట. ఆయన నడుముకి నేనెలా పూచీ?"

వదిన ఆ దుకాణం మానేసింది. ఇంట్లో పెరిగిన నడుములే తప్ప తరిగిన నడుము ఆమె చూడలేదు. అందుకే తప్పు బట్టదే అనుకుంది.

అప్పుడు వచ్చింది ఆ సెలవురోజు. డ్రైవరుకు వేపుడు తినాలని మనసైంది. వదిన మూకుడు పొయ్యిమీద పెట్టి బాబాయిని నూనెకు పంపింది. మూకుడు కాగింది, పొగలు కక్కింది. బాబాయి చిరునవ్వుతో ముల్లంగి దుంపలు పట్టుకుని వచ్చాడు.

"నూనె ఏదిరా?" అన్నాడు డ్రైవరు.

"నూనా?" అన్నాడు బాబాయి, ఆ పదార్థం పేరు మొదటిసారి విన్నట్టు.

ఆకలిమీద ఉన్న మనిషి చేసే న్యాయవిచారణ ఎంత సేపు సాగుతుంది? డ్రైవరు ఆరోపించాడు, తల్లి కన్నీళ్లు పెట్టుకుంది, కూతురు మతిమరుపు లక్షణాలు ఫోనులో చదివి వినిపించింది, వదిన సూదిలో దారం ఎక్కించింది. వాది, సాక్షి, న్యాయమూర్తి, శిక్ష అమలుచేసే అధికారి, అందరూ ఆ వంటగదిలోనే దొరికారు. ప్రతివాది ఒక్కడికే మాట్లాడే వంతు రాలేదు. ఆయన ముల్లంగి కడుగుతూ నిలబడ్డాడు.

మర్నాటినుంచి సుఖాలు మొదలయ్యాయి. కూతురు ఫోనులో నొక్కితే సరుకులు గుమ్మంలోకి వచ్చి పడుతున్నాయి. నూనె పెద్ద సీసాల్లో వచ్చింది, చక్కెర సంచీల్లో వచ్చింది. స్కూటరు తాళం మేకుకు బుద్ధిగా వేలాడింది. ఇంట్లో ఎవరూ ఏ కారణానికీ కుర్చీలోంచి లేవలేదు. బాబాయి మాత్రం క్యాంటీన్‌నుంచి వచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, గోడవారగా కూర్చునేవాడు.

కొద్ది వారాలకు వదిన చేతికి యూనిఫాం ప్యాంటు మళ్లీ వచ్చింది. ఈసారి వదులు చేయాలట. మడిచి కుట్టిన అంచు విప్పుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. సాగే బట్టను ఆమె ఎరుగును. ముడుచుకునే బట్టనూ ఎరుగును. సాగి, బుద్ధి తెచ్చుకుని మళ్లీ ముడుచుకునే బట్టను మాత్రం ఎన్నడూ చూడలేదు. డ్రైవరు ఇంటికి వస్తూ రెండో అంతస్తులో ఆగి అక్కడివాళ్ల క్షేమసమాచారాలు కనుక్కోవడం కూడా ఆమె వింది. ఆయనకు ఇరుగుపొరుగుమీద అంత ప్రేమ లేదు. అది ఆయాసం. డిపో పరీక్ష దగ్గరపడుతోంది.

మర్నాడు, క్యాంటీన్ యజమానికి కుట్టిన ఏప్రన్లు ఇవ్వడానికి ఆమె స్వయంగా వెళ్లింది. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. నడుమ బాబాయి, చేతిలో కాగితం లేదు, పెన్సిలు లేదు. వంటవాడికి వినబడేలా కేక వేస్తున్నాడు.

"నీలం చొక్కా ఆయనకి చక్కెర లేని టీ. కిటికీ దగ్గరి పెద్దావిడకి సూపు, మిరియాలు వద్దు, పోయినసారి ఆవిడకి దగ్గొచ్చింది. మూల బల్లకి రెండు కాఫీలు, ఒకటి పలచన. పెద్దమనిషికి బ్రెడ్డు, అంచులు తీసెయ్, పళ్లు కట్టించుకుంటున్నాడు."

వదిన ఏప్రన్ల మూట కింద పెట్టి, యజమాని దగ్గరికి వెళ్లింది.

"మా మరిది ఎప్పుడైనా ఏదైనా మరిచిపోతాడా అండీ?"

"ఆయనా? నా పెళ్లిరోజు మా ఆవిడకంటే ముందు నాకు గుర్తుచేసేది ఆయనే తల్లీ. దానివల్లే నా కాపురం నిలబడింది."

బాబాయి ఆమెను చూశాడు. మొహంలో రంగు మారింది. పట్టుబడ్డవాడిలా చేతులు తుడుచుకుంటూ చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వచ్చాడు.

"వదినా... ఎందుకొచ్చావో చెప్పు, మళ్లీ మరిచిపోతాను."

"చాలించు. ఉప్పు ఎందుకు మరిచిపోయేవాడివి?"

ఆయన తొట్టిలోని గ్లాసులు కడగసాగాడు.

"నడువన్నయ్యా అంటే నడుస్తాడా? మొండికేస్తాడు. ఉప్పు తెమ్మంటే నన్ను తిడుతూ అయినా వెళ్తాడు. తిట్లకి ఖర్చేముంది వదినా. మన దగ్గర ఊరికే దొరికేవి రెండేగా, మెట్లూ తిట్లూ."

"నలుగురూ నీకు మతి లేదంటుంటే ఒక్కమాట చెప్పకపోయావా?"

"చెబితే ఆయన మళ్లీ ఉప్పుకి వెళ్తాడా?"

వదిన అక్కడే, అందరూ చూస్తుండగా, ఆయన జేబు లోపలి చిరునామా గుడ్డను తన చిన్న కత్తెరతో పోగు పోగునా విప్పి తీసేసింది. సాయంత్రం ఇంట్లో, "ఫోనులో వచ్చే కూరలు వాడిపోయి ఉంటున్నాయి. ఇకనుంచి సంచీ మరిదే పట్టుకెళ్తాడు" అని ప్రకటించింది.

"వాడికి మతి లేదు కదే" అన్నాడు డ్రైవరు.

"నాకుంది కదా. చాలు."

ఆ రోజు బాబాయి చింతపండు మరిచిపోయాడు. మర్నాడు స్కూటరు తాళం మరిచిపోయాడు. ఆ పైన వదినకు కూడా మరుపు అంటుకుంది. మేడమీద ఆరేసిన బట్టలు చీకటిపడుతుండగా గుర్తొచ్చేవి, అదీ డ్రైవరు కాళ్లు చాపాకే. తల్లికి కూడా పూజగదిలోకి పువ్వులు తెప్పించుకోవడం భోజనాలయ్యాకే జ్ఞాపకం వచ్చేది. ఇల్లంతా మతిపోయినవాళ్లతో నిండిపోయిందని డ్రైవరు డిపోలో మొరపెట్టుకున్నాడు.

పరీక్ష రోజున వదిన మిషను తొక్కుతోంది కాని, గుడ్డ కదలడం లేదు. ఆమె చెవులు మెట్లమీద ఉన్నాయి. కింద డ్రైవరు బూట్ల చప్పుడు వినిపించింది. మొదటి అంతస్తు దాటింది. రెండో అంతస్తు వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది. బూట్లు ఆగలేదు. క్షేమసమాచారాలు లేవు. అదే నడకతో మూడో అంతస్తుదాకా వచ్చేశాయి. ఆయన నోరు తెరవకముందే ఆమె మిషనుమీద తల ఆనించి, గుండెలనిండా గాలి పీల్చుకుంది. బస్సు ఆయనదే. జీతం నిలిచింది.

భోజనం దగ్గర డ్రైవరు కాలరు సవరించుకున్నాడు.

"డాక్టరే ఆశ్చర్యపోయాడమ్మా. ఎలా చేశావయ్యా అన్నాడు. మనోబలం సార్ అన్నా."

వదిన గరిటె కింద పెట్టింది. ఉప్పు, అగ్గిపెట్టె, తాళం, నూనె, అన్నీ వరసగా చెప్పింది. అమ్మాయి ఫోను పక్కన పెట్టింది, బహుశా పుట్టాక మొదటిసారి. తల్లి చిన్నకొడుకు వీపు నిమిరింది. డ్రైవరు ముద్ద చేత్తో పట్టుకుని తమ్ముణ్ని చూశాడు.

"ఒరేయ్. నిజమేనా?"

"ఏమో అన్నయ్యా" అన్నాడు బాబాయి, ముల్లంగి కూర వడ్డించుకుంటూ. "నాకేం గుర్తు లేదు."

అందరూ నవ్వారు. డ్రైవరు కళ్లు తుడుచుకుని, "పోనీలేరా, ఏదో పొరబాటు" అని గొణిగాడు. ఆ మాట పక్కగదిలోకి కూడా వినబడలేదు. వ్యవహారం ముగిసిందని వాళ్లు అనుకున్నారు.

ముగియలేదు. డ్రైవరుగారూ, వదినగారూ, తల్లిగారూ, అమ్మాయీ: తీర్పు తలుపు తెరిచి చెప్పారు కనుక, రద్దు తలుపు మూసి గొణిగితే చెల్లదు. మీరు నలుగురూ కలిసి కిందికి దిగండి. తల్లిగారికి మోకాళ్ల నొప్పులు కనుక ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని వినవచ్చు. మిగిలిన ముగ్గురూ కింది గుమ్మంనుంచి మొదలుపెట్టి, ప్రతి అంతస్తులోనూ ఆగి, ప్రతి తలుపూ తట్టి, ఆ రోజు ఎంత గొంతుతో అరిచారో అంతే గొంతుతో చెప్పండి: బాబాయి మతి నిక్షేపంగా ఉంది, పోయింది మాది. ఒక్క తలుపు వదిలినా, ఒక్క మాట తప్పినా, మళ్లీ కిందినుంచి మొదలుపెట్టండి. డ్రైవరుగారు ముందు నడవాలి.